కలివికోడి కాలికి కట్టిన చీటీ

మేం డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జువాలజీ ల్యాబులో ఒక గాజు బీరువా ఉండేది. పై అరలో ఫార్మలిన్ సీసాల్లో పాములు, తేళ్ళు. కింది అరలో చెక్కదిమ్మె మీద నిలబెట్టిన ఒక పిట్ట. గోరింక కంటే కొంచెం పెద్దది, పొడుగు కాళ్ళు. ఒక గాజు కన్ను ఊడిపోయింది. రొమ్ము మీది ఈకలు కిటికీ ఎండకు వెలిసి ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. ఇదేం పిట్ట అని అడిగితే ల్యాబు అటెండరు "ఎప్పుడో పాతకాలంలో ఎవురో తెచ్చి పెట్నారు లేప్పా" అన్నాడు. ఎవరు తెచ్చారు, ఎక్కడ దొరికింది, ఏ ఏడాది? చెప్పగలిగినవాళ్ళు కాలేజీలో ఒక్కరూ లేరు. ఒకప్పుడు చీటీ ఉండేదనడానికి గుర్తుగా కాలికి ఒక దారప్పోగు మాత్రం వేలాడుతుండేది. నేను బయటికొచ్చిన కొన్నేళ్ళకు ఆ బీరువా పురుగుపట్టిందని, అందులో ఉన్నవన్నీ ఊడ్చి పారేశారని విన్నాను.

ఆ దారప్పోగు గురించే ఈ వ్యాసం. మ్యూజియాల్లో దాచిన పక్షుల మాటెత్తితే ఈకలు, రంగులు, గాజు కళ్ళ గురించే మాట్లాడతారు. ఇన్నేళ్ళుగా ఈ విషయం చదివాక నాకు మాత్రం కాలికి కట్టిన చీటీయే అసలు సొత్తు, పిట్ట దానికి సాక్ష్యం అనిపిస్తోంది. ఎందుకో మన కడప కలివికోడి కథే చెబుతుంది. దానికి ముందు ఈ పిట్టల్ని ఎలా దాస్తారో, దేనికి దాస్తారో చూడాలి.

మ్యూజియం అనగానే మనకు తోచేది గాజు వెనక రెక్కలు చాచిన గద్ద. అది చూడవచ్చిన జనం కోసం చేసిన బొమ్మ. శాస్త్రజ్ఞులు వాడేది వేరే, దాన్ని జనానికి చూపించరు. చీకటి గదిలో ఇనప బీరువాలు, వాటిలో లోతు తక్కువ సొరుగులు. సొరుగు లాగితే వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టలు వరసగా ఉంటాయి. రెక్కలు ఒంటికి అదిమి, కాళ్ళు ఒకదానిమీదొకటి వేసి, కళ్ళున్న చోట తెల్లటి దూది కనబడుతూ ఉంటాయి. వీటిని స్టడీ స్కిన్ అంటారు, మనం తోలు నమూనా అనుకుందాం. చూడ్డానికి అందంగా ఉండవు. కానీ తక్కువ చోటులో ఎక్కువ పడతాయి, ఈకలు విరగవు, వెలుతురు తగలక రంగు వెలవదు. రెండు పిట్టల్ని పక్కపక్కన పెట్టి ముక్కూ రెక్కా కొలవాలంటే ఈ పద్ధతే వీలు.

1883లో పుట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దగ్గర ఇలాంటి పక్షులు పాతికవేలకు పైనే ఉన్నాయి. లండన్‌కు దగ్గర్లోని ట్రింగ్ అనే చిన్న ఊళ్ళో బ్రిటన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దాచినవి సుమారు ఏడు లక్షలు. అక్కడి భారతీయ పక్షుల్లో పెద్ద వాటా ఏ.ఓ. హ్యూమ్ ఇచ్చింది. స్కూల్లో మనం కాంగ్రెస్ స్థాపకుడిగా చదువుకున్న హ్యూమే. కాంగ్రెస్ పుట్టిన 1885లోనే ఆయన తన పక్షుల సేకరణను, గుడ్లతో కలిపి సుమారు 82 వేల నమూనాలను, బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడంటే, ఏళ్ళ తరబడి రాసుకున్న రాతప్రతుల్ని సిమ్లా ఇంట్లో నౌకరు చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. ఆ దెబ్బతో పక్షుల మీద పుస్తకం రాయాలన్న ఆశ ఆయనకు చచ్చిపోయింది. రాతలు పోయినా పిట్టలు మిగిలాయి, పిట్టల కాళ్ళకు చీటీలు మిగిలాయి. అవి ఇవాళ్టికీ పని చేస్తున్నాయి.

తోలు నమూనా చేయడం ఓపికతో కూడిన పని. ముందు పిట్టను తూచాలి. కంటి రంగు, కాళ్ళ రంగు, నోటి లోపలి రంగు అప్పటికప్పుడే రాసుకోవాలి, ఎందుకంటే కొద్ది గంటల్లో అవి మారిపోతాయి, తర్వాత ఎంత గొప్ప నిపుణుడైనా చెప్పలేడు. రొమ్ము ఎముక చివర నుంచి కిందికి ఒక్క గాటు పెట్టి, తోలును వేళ్ళతో మెల్లగా ఒంటి నుంచి విడదీస్తారు. కోళ్ళ అంగట్లో తోలు తీయడం చూసినవాళ్ళకు ఈ పని కొంత ఊహకందుతుంది. అయితే ఇక్కడ ఒక్క ఈక కూడా రాలకూడదు, ఒక్క చుక్క నెత్తురు కూడా ఈకలకు అంటకూడదు. తడి పీల్చుకోవడానికి రంపపు పొట్టో పిండో చల్లుతుంటారు. కాళ్ళ ఎముకలు, రెక్కల ఎముకలు, పుర్రె తోలుతోనే ఉండిపోతాయి. మెదడు, కళ్ళు, నాలుక తీసేస్తారు. కొవ్వును బాగా గీకకపోతే ఏళ్ళ తర్వాత నూనెలా ఊరి తోలును కాల్చేస్తుంది. లోపలి అవయవాలు చూసి ఆడదో మగదో తేల్చి చీటీ మీద రాస్తారు. బయటికి ఆడా మగా ఒకేలా ఉండే జాతుల్లో ఈ ఒక్క చూపే దిక్కు. చివరికి పుల్లకు దూది చుట్టి ఒంటి కొలతకు కూర్చి, పొట్ట కుట్టేసి, ఈకలు సవరించి, ఎండబెడతారు.

పాతకాలంలో తోలు లోపలి వైపు పాషాణం (ఆర్సెనిక్) కలిపిన సబ్బు పూసేవారు. ఫ్రాన్సులో బెకూర్ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దంలో కనిపెట్టిన మందు అది. అంతకుముందు ఎంత జాగ్రత్తగా చేసిన పిట్టయినా కొన్నేళ్ళకే పురుగుల పాలయ్యేది. పాషాణం వచ్చాకే మ్యూజియాల్లో పక్షులు తరాలపాటు నిలిచాయి. దాని విషం ఇప్పటికీ పోలేదు. కాబట్టి ఏ కాలేజీ బీరువాలోనైనా పాత పిట్ట కనిపిస్తే చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు, పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు. ఇప్పుడు బోరాక్స్ వాడుతున్నారు. పురుగు అనుమానం వస్తే నమూనాను గాలి చొరని కవర్లో పెట్టి గడ్డకట్టే చలిలో కొన్నాళ్ళు ఉంచుతారు. మన బీరువాల్లో వేసే కలరా ఉండలు ఒకప్పుడు మ్యూజియాల్లోనూ వాడినవే.

ఇదంతా అయ్యాక కాళ్ళు రెంటినీ కలిపి దారంతో చీటీ కడతారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఆడా మగా, బరువెంత, కంటి రంగేమిటి. సేకరించినవాడు సొంత చేత్తో రాసిన ఆ మొదటి చీటీని ఆ తర్వాత ఎవరూ విప్పరు. పేరు తప్పని తేలినా, మ్యూజియం చేతులు మారినా, కొత్త చీటీని పాతదానికి తోడుగా కడతారే తప్ప పాతది తీయరు. నూటయాభై ఏళ్ళనాటి పిట్ట కాలికి నాలుగైదు చీటీలు వేలాడుతుండటం మామూలే.

ఒక జాతికి ఒక పిట్ట చాలదా, సొరుగు నిండా ఎందుకు అని చాలామంది అడుగుతారు. మన ఇంటి చుట్టూ తిరిగే పిచ్చుకనే తీసుకుంటే, పెద్ద మగపిచ్చుక గొంతు నల్లగా ఉంటుంది, ఆడదానికి ఆ మచ్చ ఉండదు, కూన మరోలా ఉంటుంది. కశ్మీరు పిచ్చుకా కడప పిచ్చుకా ఒకే కొలతలో ఉండవు. ఒక్క పిచ్చుకను చూపించి ఇదే పిచ్చుక అనడం, ఒక్క మనిషిని చూపించి మనుషులంతా ఇలాగే ఉంటారనడం లాంటిది. ఒక కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు మాత్రం ఒక్క నమూనాను ఎంచుకుని, ఈ పేరు దీనిది అని నిర్ణయిస్తారు. దాన్ని టైప్ స్పెసిమెన్ అంటారు. పేరు మీద తగువు వస్తే చివరికి ఆ ఒక్క పిట్ట దగ్గరికే వెళ్ళి తేల్చుకోవాలి. భూమి తగాదాలో పాత దస్తావేజు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

దస్తావేజు అన్నాను కాబట్టి హద్దుల సంగతి కూడా చెప్పాలి. ఇది మన సీమకు బాగా తగిలే చిక్కు. 1880 నాటి చీటీ మీద ఒట్టిగా కడప అని ఉందనుకుందాం. ఆనాటి కడప జిల్లాలో మదనపల్లె కూడా ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే అటు వెళ్ళింది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, అంతకుముందు అక్కడ పట్టిన పిట్ట చీటీ మీద బళ్ళారి అని ఉండటానికే ఎక్కువ వీలు. గిద్దలూరు, మార్కాపురం వైపు నల్లమల 1970 దాకా కర్నూలు జిల్లాదే. 2022లో మళ్ళీ హద్దులు మారాయి, బట్టమేక పిట్ట కోసం పేరుపడ్డ రోళ్ళపాడు కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు వెళ్ళింది. జిల్లా పేరు మాత్రమే రాసిన చీటీ చూసి ఆ పిట్ట మదనపల్లె చల్లటి గుట్టల్లో పట్టిందా, పెన్నా ఒడ్డు కంపచెట్లలో పట్టిందా అన్నది చెప్పలేం. ఈ రెండు చోట్లా బతికే పిట్టలే వేరు. అందుకే పాత చీటీల్ని అప్పటి పటాలతో, సేకరించినవాళ్ళ ప్రయాణ డైరీలతో సరిపోల్చి, ఊరిని అక్షాంశ రేఖాంశాలతో సహా నిర్ధారించే పని మ్యూజియాల్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఊరు పేరు రాసిపెట్టినవాళ్ళకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. 1929-30లో వెర్నే సర్వే అనే పరిశోధక బృందం వాళ్ళు తూర్పు కనుమల్లో తిరిగినప్పుడు నల్లమలలోనూ, కడప జిల్లా పాలకొండల్లోనూ పక్షుల్ని సేకరించారు. మన కొండల్లో వందేళ్ళ కిందట ఏ పిట్టలు ఉండేవో తెలుసుకోవాలంటే ఆ చీటీలే ఆధారం.

ఇక కలివికోడి.

నిజానికి ఇది కోడి కాదు. కలివి పొదల మధ్య తిరుగుతుందని మనవాళ్ళు పెట్టిన పేరు. ఎగరడం కన్నా పరుగు ఎక్కువ, పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ ద్వారా ఇది 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. కలకత్తాలో ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అటు గోదావరి వైపు, ఇటు పెన్నా వైపు కొద్దిమందికి కనబడింది. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూశాడు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. ప్రపంచం మొత్తం మీద ఇది ఉందనడానికి సాక్ష్యం మ్యూజియాల్లో ఉన్న కొద్దిపాటి తోళ్ళే.

ఆ తోళ్ళు ఏం చెప్పగలవో అన్నీ చెప్పాయి. రంగు, కొలత, ప్రాంతం. ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాయి: ఈ పిట్ట పగలంతా పొదల్లో కదలకుండా ఉండి, రాత్రిపూట బయటికి వస్తుందని. పాత రాతలు చదివినవాళ్ళకు ఇది దాని చుట్టాలైన మిగతా నేలపిట్టల్లాగే పగలు తిరుగుతుందనే అనిపించేది. చీటీ మీద తేదీ ఉంటుంది, వేళ ఉండదు. రాత్రి సంగతి తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. కడప, సిద్ధవటం, బద్వేలు చుట్టూ అడవి అంచున పిట్టలు పట్టి బతికేవాళ్ళకు కలివికోడి కొత్త కాదు. బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఇక్కడికి వచ్చి బొమ్మలు చూపించి ఊరూరా అడిగినప్పుడు వాళ్ళు గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వెలుగులో ఒక కలివికోడిని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళ వెతుకులాట అలా ముగిసింది.

ఆ పిట్ట బతకలేదు. దాన్ని బొంబాయి సేకరణలో దాచారు. అంతరించిందనుకున్న జాతిలో తిరిగి దొరికిన మొదటి ప్రాణి చేతుల్లోనే చచ్చిపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కానీ పాత తోళ్ళకూ దీనికీ ఒక తేడా ఉంది. జెర్డాన్ కాలంలో పిట్టల్ని నిజంగా పట్టి తెచ్చిన మనుషుల పేర్లు చీటీలకెక్కేవి కావు, దొర పేరే ఉండేది. ఐతన్న పేరు మాత్రం ఈ పిట్ట చరిత్రలో నిలిచిపోయింది. ఎక్కడ, ఎప్పుడు అనేవాటి పక్కన ఎవరు అన్న ప్రశ్నకు ఒక్కసారైనా నిజాయితీగా జవాబు దొరికింది. అక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, అదే ఏడాది ఈ పిట్ట బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. తెలుగుగంగ కాలువ ఈ పొదల గుండా సాగబోతే దారి మార్చాల్సి వచ్చింది.

చీటీ నిజం చెబితే ఏమవుతుందో చూశాం. అబద్ధం చెబితే ఏమవుతుందో అడవి పైడికంటె కథ చూపిస్తుంది. మధ్య భారతంలో ఉండే ఈ చిన్న గుడ్లగూబకు 1873లో హ్యూమ్ పేరు పెట్టాడు. మ్యూజియాల్లో ఉన్నవి ఏడంటే ఏడు తోళ్ళు. వాటిలో ఒకటి 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర పట్టినట్టు రిచర్డ్ మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ కల్నల్ చీటీ కట్టాడు. మిగతావన్నీ 1870, 80 దశకాల్లోవి. అంటే అన్నిటికన్నా తాజా ఆధారం ఇదే, కాబట్టి వెతికేవాళ్ళను అది తప్పుదారి పట్టించింది. 1990లలో పమేలా రాస్‌ముస్సెన్, నైజెల్ కొల్లార్ అనే పక్షిశాస్త్రజ్ఞులు ఆ తోలును ఎక్స్‌రే తీసి, కుట్టూ దూదీ పరీక్షించారు. తోలు నమూనా చేసే ప్రతి మనిషికీ ఒక చేతివాటం ఉంటుంది. దర్జీ కుట్టు చూసి ఎవరు కుట్టారో చెప్పినట్టు, పిట్టను చూసి ఎవరు కూర్చారో నిపుణులు చెప్పగలరు. ఆ తోలును ఒకసారి విప్పి మళ్ళీ కూర్చారని తేలింది. అసలు 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి పట్టిన పిట్ట అది. మైనర్ట్‌జాగన్ దాన్ని మ్యూజియం నుంచే దొంగిలించి, తన పేరుతో కొత్త చీటీ కట్టాడు. ఆ అబద్ధాన్ని పక్కన పెట్టి, మిగతా చీటీలు చెప్పిన చోట్లకే వెళ్ళి వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ బతికే కనిపించింది. నూరేళ్ళకు పైగా ఎవరూ చూడని పక్షి. ఆ కల్నల్ సేకరణలో ఇలాంటి దొంగ చీటీలు ఇంకా ఎన్నో బయటపడ్డాయి.

దొంగతనమంటే 2009లో ట్రింగ్‌లో జరిగింది కూడా చెప్పుకోవాలి. ఒక యువకుడు రాత్రిపూట కిటికీ పగలగొట్టి దూరి 299 తోళ్ళు ఎత్తుకుపోయాడు. చేపలు పట్టే గాలాలకు రంగురంగుల ఈకలతో ఎర కట్టే సరదాగాళ్ళకు అమ్మడానికి. పోలీసులు పట్టుకున్నాక చాలా తోళ్ళు దొరికాయి, కానీ వాటిలో ఎన్నిటికో చీటీలు తెంచేసి ఉన్నాయి. ఈకలకు ఈకలున్నాయి, రంగుకు రంగుంది. అయినా శాస్త్రానికి అవి పోయినట్టే. మా కాలేజీ బీరువాలోని పిట్టకు పట్టిన గతే వాటికీ పట్టింది.

చీటీ చెక్కుచెదరకుండా ఉంటే పిట్ట ఎన్ని ప్రశ్నలకు జవాబు చెబుతుందో, సేకరించినవాళ్ళు కలలో కూడా ఊహించలేదు. దీనికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ గుడ్లది. పూర్వం బ్రిటన్‌లో గుడ్లు సేకరించడం ఒక పిచ్చి. సన్నటి చిల్లు పెట్టి లోపలిది ఊది తీసేసి, పెంకు మీద తేదీ రాసి పెట్టెలో దాచుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భైరిడేగలు తగ్గిపోతుంటే, గూళ్ళలో గుడ్లు పగిలి కనిపిస్తుంటే, డెరెక్ ర్యాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పాత పెట్టెలన్నీ తెరిపించాడు. ప్రతి పెంకునూ తూచి, కొలిచి, తేదీల వరసన పేర్చాడు. దశాబ్దాల పాటు ఒకే మందం. 1947 దగ్గర ఒక్కసారిగా పలచబడింది. డీడీటీ అనే పురుగుమందు పొలాల్లోకి దిగింది సరిగ్గా ఆ కాలంలోనే. 1967లో ఆయన ఇది ప్రచురించాక అమెరికాలోనూ ఇదే రుజువైంది. అక్కడ 1972లో డీడీటీని నిషేధించడానికి దారితీసిన సాక్ష్యాల్లో ఈ పెంకులూ ఉన్నాయి. గుడ్లు ఏరుకున్నవాళ్ళకు పురుగుమందు గురించి ఆలోచనే లేదు. గుడ్డు మీద తేదీ రాసే అలవాటు మాత్రం ఉంది.

పొట్ట ఈకల మీది మసి కూడా ఇలాగే మాట్లాడింది. అమెరికాలో ఫ్యాక్టరీలు ఎక్కువున్న ప్రాంతంలో 135 ఏళ్ళ పాటు సేకరించిన పదమూడు వందలకు పైగా పక్షుల్ని ఫొటోలు తీసి, తెల్లటి పొట్టలు ఎంత నల్లబడ్డాయో 2017లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. పక్షులు ఏటా ఈకలు మార్చుకుంటాయి కాబట్టి ఆ మసి ఆ ఏటిదే. బొగ్గు పొగ ఏ దశాబ్దంలో ఎంత ఉండేదో, కొలిచే యంత్రాలు లేని కాలం సంగతి కూడా, ఈకలు చెప్పాయి. ఇది చదివినప్పుడు నాకు తాడిపత్రి, బేతంచెర్ల గుర్తొచ్చాయి. నాపరాళ్ళు కోసే దుమ్ము తెల్లగా పరుచుకున్న ఆ దార్లలో పదేళ్ళకొకసారి పట్టుమని పది పిచ్చుకల్ని, అవీ వాటంతటవే చచ్చినవాటిని, చీటీ కట్టి దాచి ఉంటే మన గాలి చరిత్ర మన చేతిలో ఉండేది.

చికాగోలో అదే జరిగింది. అద్దాల భవంతులకు గుద్దుకుని రాలిపోయే వలస పిట్టల్ని ఫీల్డ్ మ్యూజియం వాళ్ళు 1978 నుంచి ఏరి దాచారు. డేవ్ విల్లార్డ్ అనే ఆయన ఒక్కచేతిమీద 70,716 పిట్టల్ని కొలిచాడు. 52 జాతులు. 2016 దాకా వచ్చేసరికి కాలి ఎముక సగటున 2.4 శాతం కురచయింది, రెక్క 1.3 శాతం పెరిగింది. వేడెక్కుతున్న వాతావరణంతో దీనికి సంబంధం ఉందని ఆ పరిశోధకులు తేల్చారు. ఒక్క పిట్టను కూడా చంపలేదు.

చంపడం సంగతికి వస్తే, పాత సేకరణల్లో అధికభాగం తుపాకీతో కొట్టినవే. దీన్ని దాటవేయకూడదు. 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే దీవిలో గ్రేట్ ఆక్ అనే సముద్రపక్షి చివరి జంటను సేకరణదారుల కోసమే చంపారు. అరుదైనకొద్దీ వెల పెరిగింది, వెల పెరిగినకొద్దీ ఇంకా అరుదైంది. సలీం అలీ పక్షుల వైపు మళ్ళింది కూడా చిన్నప్పుడు తాను కొట్టిన పసుపుగొంతు పిచ్చుకను బొంబాయి సొసైటీకి పట్టుకెళ్ళి, అక్కడి సొరుగుల్లో పిట్టల్ని చూశాకే. ఆ కాలం అలాంటిది. నా మటుకు నాకు, అప్పటికే దాచిన పిట్టల్ని జాగ్రత్తగా వాడుకోవడం వాటికి మనం చేయగలిగిన న్యాయం. కొత్తగా చంపాల్సిన అవసరం మన దేశంలో దాదాపు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సేకరణ బాగా తగ్గింది, అది మంచిదే. 2006లో అరుణాచల్‌లో రమణ ఆత్రేయ బుగున్ లియోసిక్లా అనే కొత్త పక్షికి పేరు పెట్టినప్పుడు, ఇంత తక్కువ ఉన్న జాతిలో ఒక్కదాన్ని కూడా చంపనని, వలలో చిక్కిన పిట్ట వదిలిన ఈకలు, ఫొటోలతోనే పని కానిచ్చాడు. చేసి చూపించాడు కాబట్టి ఇక సాకులకు చోటు తక్కువ.

ఒక చిన్న ముక్క చాలని కలివికోడి కూడా రుజువు చేసింది. కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు 1917లో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లోని ఒక స్కూలుకు, అక్కడి నుంచి ఆబర్‌డీన్ యూనివర్సిటీ మ్యూజియానికి చేరి సొరుగులో ఉండిపోయింది. క్యూరేటర్ అలన్ నాక్స్ దాన్ని గమనించి, గుడ్డు లోపల ఎండిపోయి మిగిలిన పొర నుంచి డీఎన్ఏ తీయించాడు. పోల్చడానికి ట్రింగ్‌లోని కలివికోడి కాలివేలి నుంచి చిన్న తోలు ముక్క తెప్పించారు. రెండూ కలిశాయి. 2013లో ప్రకటించిన ఆ గుడ్డే ప్రపంచంలో మనకు తెలిసిన ఒకే ఒక్క కలివికోడి గుడ్డు. ఆ కాలివేలు దాచినవాళ్ళ కాలానికి డీఎన్ఏ అన్న మాటే లేదు.

మరి రోడ్డు పక్కన చచ్చిపడిన గుడ్లగూబో, కరెంటు తీగకు తగిలిన నెమలో కనిపిస్తే మనం ఏం చేయాలి? ఇంటికి తీసుకుపోకూడదు. చచ్చి దొరికిన వన్యప్రాణి దేహం చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి. రోగభయం కూడా ఉంటుంది, చేత్తో తాకకపోవడమే మంచిది. పక్కన ఒక పెన్నో నాణెమో పెట్టి ఫొటో తీయండి. ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వేళ రాసుకోండి. అటవీశాఖకు చెప్పండి. జువాలజీ చెప్పే కాలేజీల్లో ఉన్నవాళ్ళైతే అటవీశాఖ అనుమతితో ఆ దేహాల్ని తగిన సంస్థకు చేర్చే ఏర్పాటు అడగవచ్చు. పాత బీరువాల్లో మిగిలిన పిట్టలకు చీటీలుంటే ముందు వాటిని ఫొటో తీసి ఉంచండి. సిరా వెలిసిపోకముందే.

2025 ఆగస్టులో ఒక పక్షి పరిశీలకుల బృందం ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడని, వినబడని కలివికోడి కూతను మన ప్రాంతంలో మళ్ళీ రికార్డు చేసింది. పిట్టను పట్టలేదు, ముట్టలేదు. రికార్డింగుతో పాటు చోటు ఉంది, తేదీ ఉంది, విన్నవాళ్ళ పేర్లున్నాయి. 1848 నాటి తోలు చెప్పలేని ఆ ఒక్క సంగతి, పొద్దుగూకాక ఏ వేళకు కూసిందో, అదీ ఉంది.